పూజలోని లాటిన్, బడిలోని ఇంగ్లీషు

మన మేత్రాసన చరిత్ర వ్రాసేవారు గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్క పెడతారు. మాటల లెక్క ఎవరూ పెట్టరు. ఈ శతవార్షిక సంచికలో ఆ చిన్న లెక్క మేము పెట్టదలచినాము.

సవాయ్ ప్రాంతంలోని అన్నెసీ పట్టణం నుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరినారు. 1886లో విశాఖ మేత్రాసనం ఏర్పడినది. ఆ గురువులు తమలో తాము ఫ్రెంచి, బడిలో ఇంగ్లీషు, వీధిలో తెలుగు మాట్లాడినా, పూజపీఠం దగ్గర మాత్రం లాటినే. మన తాతలు అర్థం తెలియకనే దానికి జవాబులు చెప్పినారు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ప్రజల భాషకు తలుపు తెరచినది. కొద్ది సంవత్సరాలలో పూజ తెలుగయినది. అది మంచికే జరిగినది. అయితే లాటిన్, గ్రీకు మాటలు మన నోటిని విడిచిపోలేదు. బైబిల్ అంటే గ్రీకులో పుస్తకాలు. పెంతెకోస్తు అంటే యాభయ్యవది. మేత్రాణులు అని మనం పిలిచే బిషప్ మాటకు మూలం ‘ఎపిస్కొపోస్’, అనగా పైనుండి చూచుకొనేవాడు. ఆ ‘చూచుట’యే మైక్రోస్కోపులోను, టెలిస్కోపులోను ఉన్నది. కూటమిలో ఈ మాట చెప్పినప్పుడు పెద్దలు కూడ నవ్వినారు.

ఈ సంగతి మాకు ఎందుకు పట్టినదో చెప్పవలెను. అరకులోయ పిల్లలకు ఇంట ఆదివాసీ ఒడియా లేక కువి, బడిలో తెలుగు, ఆపైన ఇంగ్లీషు. ఆ మూడవ మెట్టు మీద కాలు జారిన పిల్లలను మేము చూచినాము. పదవ తరగతి గడచి, కాలేజీలో సైన్సు పుస్తకం తెరచి, ‘ఫోటోసింథసిస్’ అనే మాట దగ్గర బెదరి, పెట్టె సర్దుకొని ఊరికి వెళ్ళిపోయినవారున్నారు. తెలివి లేక కాదు. ఫోటో అంటే వెలుగు, సిన్ అంటే కలిపి, థెసిస్ అంటే పెట్టుట అని చెప్పినవారు లేక.

మేమే చెబుదామని పూనుకొన్నాము. మొదట మేము చేసినది తప్పు. యాభై ధాతువుల పట్టిక వ్రాసి, హాస్టలు పిల్లలచేత వల్లె వేయించినాము. వారు దానిని కూడ ఎక్కంలాగే అప్పజెప్పినారు. మన తాతల లాటిన్ జవాబులకూ దానికీ తేడా ఏమున్నది?

ఒక సాయంకాలం దారి పక్కన నీలగిరి చెట్టు కింద కూర్చున్నాము. జామాయిల్ అని కూడ అంటారు గదా, అదే. దాని మొగ్గకు చిన్న మూత ఉంటుంది. పువ్వు విచ్చేటప్పుడు ఆ మూత ఊడిపడుతుంది. ఆ మూతను చూచియే 1788లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరిటియే దానికి యూకలిప్టస్ అని పేరు పెట్టినాడు: ‘యు’ అంటే బాగుగా, ‘కలిప్టోస్’ అంటే కప్పబడినది. పిల్లలు మొగ్గలు ఏరి మూతలు గిల్లి చూచినారు. అప్పుడు అపొకలిప్స్ అనే మాట చెప్పినాము. ‘అపో’ చేరితే కప్పు తీసివేయుట. మన బైబిలులోని ప్రకటన గ్రంథం పేరు అదే. యూకరిస్టులోని ‘యు’ కూడ ఈ మంచి ‘యు’యే. పట్టిక లేకుండ మూడు మాటలు వచ్చినవి, మరల పోలేదు.

బొర్రా గుహలలో పని ఇంకా తేలికయినది. పైనుండి వ్రేలాడే రాతికి స్టాలక్టైట్ అని పేరు. గ్రీకులో చుక్కలుగా కారునది అని అర్థం. ఆ గుహలు సున్నపురాతివి. సున్నపురాయికి లాటిన్‌లో ‘కాల్క్స్’. కాల్షియం అందులోనిదే. గులకరాళ్ళతో లెక్క పెట్టినందున కాల్క్యులేటర్ కూడ ఆ ఇంటి పిల్లే.

మోసపోయే చోట్లు లేకపోలేదు. మిషన్ అనే మాట ‘పంపుట’ అనే లాటిన్ ధాతువు నుండి వచ్చినది. పూజను మాస్ అనుటకు, మిస్సైలుకు మూలం అదే. ఇది విన్న కుర్రవాడొకడు, “మరి కుట్టుమిషను ఎవరు పంపినారండీ?” అన్నాడు. అది మెషీన్, గ్రీకు నుండి వచ్చిన వేరే మాట. మన తెలుగు నోట రెండూ ఒకటయినవి. ధాతువు దారి చూపుతుంది గాని, నిఘంటువు చూడక తప్పదు.

ఈ పద్ధతి మన కొండలకు పరాయిది కాదు. ఇవే తూర్పు కనుమలలో, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణం ప్రకటించినారు. సవర భాషలో అనేక నామవాచకాలకు విడిగా పలికే రూపం ఒకటి, వేరే మాటలో కలిసేటప్పుడు కురచరూపం ఇంకొకటి. గ్రీకు తునకలతో టెలిస్కోపు కట్టినట్లే సవర బిడ్డ ఇంటి మాటలతో మాటలు కడుతున్నది. ఆ బిడ్డకు ఇంగ్లీషు చెప్పేవారు అక్కడ నుండి మొదలుపెట్టవచ్చును గదా!

విశాఖ మన్యంలో పిప్పలి పండిస్తారు. దాని వేరు మోడిగా అంగడికి వస్తుంది. మన దేశపు ‘పిప్పలి’ మాటే ఓడలెక్కి గ్రీకులో ‘పెపెరి’, లాటిన్‌లో ‘పిపెర్’, ఇంగ్లీషులో పెప్పర్ అయినది. ఇది చెప్పిన రోజున పిప్పలి తోట ఉన్న ఇంటి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, “అయితే వాళ్ళే మన దగ్గర నేర్చుకొన్నారా?” అని అడిగినది. ఈ ఒక్క మాట మట్టుకు అవునని చెప్పినాము.