కరెంటు కన్నా ముందు మాట

ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్‌లో కారుకు ప్లగ్గు పెట్టగానే కరెంటు పారదు. ముందు కారూ స్టేషనూ మాట్లాడుకుంటాయి. ఎన్ని వోల్టులు కావాలి, ఎన్ని ఆంపియర్లు తట్టుకోగలవు, కేబుల్ ఇన్సులేషన్ సరిగా ఉందా అని ఒకటికొకటి తేల్చుకుంటాయి. అన్నీ కుదిరితేనే వందల వోల్టుల డీసీ విద్యుత్తు బయటికి వస్తుంది. ఈ సంభాషణను పెద్ద పెద్ద యంత్రాలేవీ లేకుండా ఇంట్లో బల్ల మీదే జరిపించలేమా? సొంతంగా చేసుకునే స్టేషన్ సిమ్యులేటర్ ఈ ప్రశ్నలోంచే పుట్టింది.

మలేషియాలో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. 2022లో అక్కడ విద్యుత్ కార్లకు దిగుమతి, ఎక్సైజ్ సుంకాల నుంచి మినహాయింపు ఇవ్వడంతో చైనా, జర్మనీ, కొరియా, అమెరికా కంపెనీల కార్లు ఒకే రోడ్డెక్కాయి. 2024 డిసెంబరులో ప్రోటాన్ ఈ.మాస్ 7 కూడా వాటితో చేరింది. స్టేషన్లూ ఒకరివి కావు. పెట్రోనాస్ సంస్థ జెంటారి, కరెంటు సరఫరా చేసే టీఎన్‌బీ, షెల్ ఎవరికి వారు పెడుతున్నారు. 2025 కల్లా 10,000 ఛార్జింగ్ పాయింట్లు ఉండాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఏ కారు ఏ స్టేషన్‌కు వెళ్లినా మాట కుదరాలి. కుదరనప్పుడు తప్పు కారుదా, స్టేషన్‌దా అని తేల్చగలిగేవాళ్లు కావాలి.

ఈ మాటలు మొదట్లో తేలిగ్గానే చేతికి దొరికేవి. 2010లో సొంత సంఘం ఏర్పడిన జపాన్ పద్ధతి చాడెమోలో సంభాషణ కోసం ప్లగ్గులోనే వేరే తీగలుంటాయి. వాటిలో నడిచేది క్యాన్ బస్. కారు లోపలి భాగాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేదీ దాంతోనే. చవకైన మైక్రోకంట్రోలర్ బోర్డు తగిలించి ఎవరైనా దాన్ని చదవొచ్చు.

2011 అక్టోబరులో ఏడు జర్మన్, అమెరికన్ కంపెనీలు కలిసి సీసీఎస్ పద్ధతిని ప్రకటించాక ఆ తేలిక పోయింది. మలేషియాలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది దీని రెండో రకం ప్లగ్గే. ఇందులో మాటల కోసం కొత్త తీగ లేదు. మామూలు ఏసీ ఛార్జింగ్‌లో వాడే పైలట్ తీగే రెండు పనులూ చేస్తుంది. దాని మీద స్టేషన్ సెకనుకు వెయ్యిసార్లు ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల మధ్య మారే సంకేతం పంపుతుంది. కారు తగిలితే పై వోల్టేజి 9కి దిగుతుంది, ఛార్జింగ్‌కు సిద్ధమైతే 6కి. ఈ మార్పు తెచ్చేది కారు లోపలి చిన్న రెసిస్టర్లు, ఒక డయోడ్. ఆ సంకేతం ఒక్కో చక్రంలో ప్లస్ వైపు ఉండే సమయం 5 శాతానికి తగ్గితే 'ఇక డిజిటల్‌గా మాట్లాడుకుందాం' అని అర్థం. అప్పుడు అదే తీగ మీద 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే మరో సంకేతం నడుస్తుంది. దాని పేరు హోమ్‌ప్లగ్ గ్రీన్ ఫై.

ఈ పేరులోనే ఔత్సాహికులకు దారి కనిపించింది. ఇంట్లో ఒక గది నుంచి మరో గదికి కరెంటు తీగల మీదుగా ఇంటర్నెట్ పంపే చిన్న అడాప్టర్లు కంప్యూటర్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలో ఉన్నదీ ఆ కుటుంబానికి చెందిన చిప్పే. అడాప్టర్ విప్పి, గోడ కరెంటు భాగాన్ని పూర్తిగా తీసేసి, తక్కువ వోల్టేజి డీసీతో నడిపి, సంకేతాన్ని కెపాసిటర్ ద్వారా పైలట్ తీగకు కలిపారు. చిప్ తయారీదారు బహిరంగంగా పెట్టిన సాధనాలతో సెట్టింగులు మార్చితే అది స్టేషన్‌లాగానో కారులాగానో ప్రవర్తిస్తుంది. పైథాన్‌లో రాసిన పైపీఎల్‌సీ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పద్ధతిలోనే స్టేషన్ పాత్ర, కారు పాత్ర, మధ్యలో నిలబడి వినేవాడి పాత్ర మూడూ పోషిస్తుంది.

సంభాషణలో మొదటి ఘట్టమే ముచ్చటైనది. పక్కపక్కనే నాలుగు ఛార్జర్లుంటే ఒక కేబుల్ సంకేతం పక్క కేబుల్‌లోకీ కారుతుంది. తన కేబుల్ ఏదో తెలియడానికి కారు వరసగా కొన్ని 'శబ్దాలు' పంపుతుంది. ఏ స్టేషన్‌కు అవి అతి తక్కువగా బలహీనపడి చేరాయో అదే తనది. అప్పుడు స్టేషన్ ఆ కారుకు నెట్‌వర్క్ తాళంచెవి ఇస్తుంది. ఆపై చిరునామాలు, ఇంటర్నెట్ పద్ధతిలో సందేశాలు. ఆ సందేశాలు ఎక్సై అనే కుదించిన రూపంలో ఉంటాయి కాబట్టి మామూలుగా చూస్తే అర్థం కావు. వాటిని విప్పడానికి సీమెన్స్ ఇంజనీర్లు బయటపెట్టిన ఓపెన్‌వీ2జీ కోడ్ అక్కరకొచ్చింది. జర్మనీ ప్రమాణం డిన్ 70121, 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15118-2 చెప్పే మాటల వరస ఇలా సామాన్యుడి లాప్‌టాప్ తెర మీదికి వచ్చింది.

సిమ్యులేటర్ అబద్ధం ఎంతదూరం సాగుతుంది? కేబుల్ తనిఖీ దాకా సాగుతుంది. 'ఇన్సులేషన్ బాగుంది' అని స్టేషన్ చెబితే కారు నమ్ముతుంది. తర్వాతి మెట్టు ప్రీఛార్జ్. బ్యాటరీకి దగ్గరి వోల్టేజి ప్లగ్గు దగ్గర కనబడితేనే కారు, బ్యాటరీని ప్లగ్గుకు కలిపే పెద్ద స్విచ్చులైన కాంటాక్టర్లను మూయాలి. కొన్ని కార్లు ఆ వోల్టేజిని సొంతంగా కొలుచుకుంటాయి, స్టేషన్ మాట మీద ఆధారపడవు. తేడా ఉండగా మూస్తే ఒక్కసారిగా పారే కరెంటుకు కాంటాక్టర్ల కొనలు అతుక్కుపోతాయి. అందుకే ఈ జాగ్రత్త. ఇక్కడితో ఆగడమే ఇంటి ప్రయోగానికి శ్రేయస్కరం. కాంటాక్టర్లు మూసుకున్నాక బ్యాటరీ వోల్టేజి మొత్తం ప్లగ్గు పిన్నుల మీదికే వస్తుంది. అది ప్రాణం తీయగలదు. ఆ మెట్టుకు శిక్షణ పొందినవాళ్లు, సరైన రక్షణ పరికరాలు తప్పనిసరి.

అంతవరకే చేసినా లాభం పెద్దది. పైలట్ వోల్టేజి సరిగా దిగిందా, శబ్దాలు చేరాయా, ఏ సందేశం దగ్గర సమాధానం ఆగిపోయింది అని వరసగా చూడొచ్చు. కార్ల కంపెనీలూ ఛార్జర్ల కంపెనీలూ సీసీఎస్‌ను ప్రోత్సహించే చారిన్ సంఘం పరీక్షా సమావేశాల్లో కార్లనూ ఛార్జర్లనూ ఒకచోట చేర్చి ఇదే పని చేస్తాయి. వాళ్ల పరీక్షా యంత్రాలు ఖరీదైనవి. విడిభాగాలైతే కౌలాలంపూర్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు పేరుపడ్డ జలాన్ పసార్‌లో ఒక పాలిటెక్నిక్ విద్యార్థి కొనుక్కోగలడు.

ఛార్జర్లను కొనడానికి డబ్బుంటే చాలు. వాటిని దశాబ్దాల పాటు నడిపించడానికి ఆ భాష తెలిసిన మనుషులు కావాలి. ప్రమాణాన్ని చదివి, సాధనాన్ని విప్పి, తెలుసుకున్నదాన్ని అందరికీ ఉచితంగా పంచిన ఔత్సాహికులు ఆ మనుషులను తయారుచేసే బడిని కట్టి ఇచ్చారు. మలేషియా అయినా మన విశాఖ, హైదరాబాద్ అయినా కళాశాలలు ఆ బడిని తమ ప్రయోగశాలల్లోకి తెచ్చుకోవాలి. దానికి కావలసిందల్లా ఒక బల్ల, ఒక అడాప్టర్, భద్రత నేర్పే ఒక గురువు.