చంకన బిడ్డతో గంగజాతరకు

పసిబిడ్డ ఉన్న ఆడది ఇల్లు కదలాలంటే మన ఇళ్లలో ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. "ఈ ఎండల్లో పిల్లనేసుకుని ఎక్కడికమ్మా?" సినిమాకైనా, సభకైనా, స్నేహితురాలి ఇంటికైనా ఇదే మాట. అడిగేవాళ్లకు బిడ్డ మీద ప్రేమ లేదని కాదు. కానీ ఆ పెద్దవాళ్లే మే నెలలో, నలభై డిగ్రీలు దాటిన ఎండలో, జనం ఒకరినొకరు తోసుకునే గంగజాతరకు మాత్రం పిల్లను తీసుకురాలేదేమని కోడలిని నిలదీస్తారు. సినిమా హాల్లో తగిలే వడదెబ్బ గుడి ముందు తగలదా? తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు ఈ తేడా చిన్నప్పుడు తమాషాగా ఉండేది. నా చంకలోకి బిడ్డ వచ్చాక దీని వెనక ఒక చరిత్ర ఉండాలనిపించింది.

శాస్త్రాల్లో వెతికితే మొదట దొరికేది నిష్క్రమణ సంస్కారం. పుట్టిన నాలుగో నెలలో బిడ్డను తొలిసారి ఇంటి బయటికి తీసుకురావాలని మనుస్మృతి చెబుతుంది. పారస్కర గృహ్యసూత్రమూ నాలుగో నెలే అంటుంది, బయటికి తెచ్చిన బిడ్డకు సూర్యుణ్ణి చూపించమంటుంది. లెక్కంతా బిడ్డది. ఆ నాలుగు నెలలూ బిడ్డతోపాటు గది దాటని మరో మనిషి ఉంది కదా. ఆమె ఎప్పుడు బయటికి రావాలో, వచ్చి ఏం చూడాలో ఆ సంస్కారానికి అక్కర్లేదు. పురిటి మైల ఎప్పుడు పోతుందో లెక్క ఉంది గానీ, తల్లి మళ్లీ వీధిని చూసే రోజుకు మంత్రం లేదు.

ఆ రోజు ఉన్నది జాతరలో.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెల ఎండల్లో వస్తుంది. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. అవిలాలలోని కైకాల వారి ఇల్లు గంగమ్మకు పుట్టిల్లు. ఆ పుట్టింటి సారె వచ్చాకే జాతర మొదలవుతుంది. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటకూడదని ఆనవాయితీ. మర్నాటి నుంచి మగవాళ్లు రోజుకో వేషం కడతారు. బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి. ఆపైన సున్నపు కుండలు, మళ్లీ మంగళవారం అసలు జాతర.

కథ అందరికీ తెలిసిందే. ఊరిని ఏలే పాలెగాడు కంటబడిన ప్రతి ఆడపిల్లనూ చెరపడుతుంటే, గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోతాడు. ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషంలో వెతికి, దొర వేషంలో పట్టుకుని తల నరుకుతుంది. మరుసటి రోజు మాతంగి వేషంలో వెళ్లి పాలెగాడి భార్యను ఓదారుస్తుంది. నాకు ఈ కథలో తల నరకడం కన్నా ఆ ఓదార్పు ముఖ్యమనిపిస్తుంది. చంపినవాడి పెళ్లాం గడపకు వెళ్లి పలకరించిన దేవత మన పురాణాల్లో ఎందరున్నారు?

అయితే ఈ కథ పసిబిడ్డ ఎందుకు రావాలో చెప్పదు. దానికి జవాబు జాతర జరిగే కాలంలో ఉంది. ఎండాకాలం అమ్మవారి కాలం. మశూచిని పెద్దమ్మవారు అన్నారు, ఆటలమ్మను చిన్నమ్మవారు అన్నారు. రోగం వచ్చిందని ఎవరూ అనేవారు కాదు, "అమ్మ పోసింది" అనేవారు. పొడి వాతావరణంలో మశూచి సులువుగా పాకుతుంది, వానలు పడితే తగ్గుతుంది. పెళ్లిళ్లూ ప్రయాణాలూ కూడా ఈ నెలల్లోనే కావడంతో అది ఊరి నుంచి ఊరికి నడిచేది. సోకినవారిలో దాదాపు పదిమందికి ముగ్గురు పోయేవారు. బతికినవారికి మళ్లీ రాదు. అందుకే పాత రోజుల్లో అది ప్రధానంగా పిల్లల జబ్బు. పెద్దవాళ్లు అప్పటికే దాన్ని దాటినవాళ్లు.

అమ్మ పోసిన ఇంట్లో పనంతా ఎవరిదో వేరే చెప్పాలా? గుమ్మానికి వేపమండలు కట్టడం, బిడ్డ ఒంటికి పసుపూ వేపాకూ నూరి రాయడం, తిరగమోత వేయకుండా వండడం, రాత్రంతా వేపరెమ్మతో విసరడం. బిడ్డ పోతే తప్పు కూడా తల్లిదే. మైలలో ముట్టుకుందనో, మొక్కు మరిచిందనో అనేవారు. మా అవ్వ తన తొలి బిడ్డను "అమ్మవారికి ఇచ్చింది" అని ఇంట్లో చెప్పుకునేవారు. ఇచ్చింది అనే మాటలో ఎంత ఓదార్పు ఉందో అంత బరువూ ఉంది. తీసుకున్నది దేవత, ఇచ్చింది తల్లి. కాబట్టి బతికిన బిడ్డను జాతరకు ఎత్తుకుపోవడం ఆమెకు సరదా కాదు. "ఇదిగో, దీన్ని వదిలెయ్" అని ముఖాముఖి అడిగి రావడం.

ప్రభుత్వం కూడా మశూచి కోసం ఈ చంకలోని బిడ్డ దగ్గరికే వచ్చింది. భారతదేశంలో తొలి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాప అన్నా డస్ట్‌హాల్‌కు వేశారు. బాగ్దాద్, బస్రాల మీదుగా ఆ టీకా ఇక్కడిదాకా వచ్చింది సీసాల్లో కాదు. ఎండకు దాని సత్తువ పోతుంది. అందుకని ఒక బిడ్డ చేతి మీద లేచిన పొక్కు రసం తీసి మరో బిడ్డ చేతికి వేస్తూ, చేయి నుంచి చేయికి దాటించారు. ఈ దేశపు తొలి టీకా పాత్రలు పసిపిల్లల చేతులు. నేను చదివిన కథనాల్లో వైద్యుల పేర్లు ఉన్నాయి, పాప పేరు ఉంది. పొక్కు గీరుతున్నప్పుడు బిడ్డను కదలకుండా పట్టుకున్న తల్లుల గురించి మాత్రం ఒక్క వాక్యమూ కనిపించలేదు.

1880 టీకా చట్టం ఎంపిక చేసిన పట్టణాల్లో, కంటోన్మెంట్లలో పిల్లలకు టీకా తప్పనిసరి చేసింది. తన బిడ్డ చేతి నుంచి రసం తీసి ఎవరికో వేయడానికి తల్లులు ఒప్పుకోలేదని వలసకాలపు అధికారులు మూఢనమ్మకం కింద రాసుకున్నారు. డేవిడ్ ఆర్నాల్డ్ 1993లో వెలువరించిన 'కాలనైజింగ్ ది బాడీ' ఈ ఘర్షణను మరోవైపు నుంచి చూపిస్తుంది. జనం దృష్టిలో అమ్మవారు రోగమూ, రక్షా రెండూ. ఆమెను తరిమికొట్టాలనే భాష వాళ్లకు అర్థం కాలేదు. దీనికి నేను ఒకటి కలుపుతాను. జాతరకు తల్లి తన కాళ్లతో నడిచి వెళ్లింది. టీకా దగ్గరికి ఆమెను రప్పించారు. రెండుచోట్లా బిడ్డ ఒక్కటే, తల్లి స్థానమే వేరు.

టీకా గెలిచింది, గెలవాల్సిందే. 1974లో జనవరి నుంచి మే వరకు మశూచి దేశంలో 15 వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ మరుసటేడు, 1975 మేలో, అస్సాంలో చివరి కేసు నమోదైంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి అంతరించిందని ప్రకటించింది. మా అమ్మ చేతి మీద టీకా మచ్చలు గుండ్రంగా ఉంటాయి. నా చేతి మీద అవి లేవు. అవ్వకు మొహం మీద మచ్చలు, అమ్మకు చేతి మీద మచ్చలు, నాకు అసలు లేవు. ఒక శతాబ్దపు చరిత్రను మా ఇంట్లో చర్మం మీదే చదువుకోవచ్చు.

మరి రోగం పోయాక కూడా తల్లులు ఎందుకు వస్తున్నారు? 2014 మేలో ఎనిమిది నెలల కూతురితో వెళ్లినప్పుడు నాకు ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. ఎండ ముదరకముందే తెల్లవారుజామున బయల్దేరాం. పల్చటి నూలు చొక్కా, తలకు తడిపి పిండిన గుడ్డ, బుగ్గన దిష్టిచుక్క. గుడి చుట్టూ ఇటుకల పొయ్యిల మీద పొంగళ్లు పొంగుతున్నాయి. పొగకు కళ్లు మండుతున్నాయి. ఒకామె అంబలి లోటా చేతికిచ్చి, అడగకుండానే నా చంకలోంచి పాపనందుకుంది. "నువ్ తాగు పాపా, చంటిదాన్ని నేను చూస్తాలే" అంది. మీసాలున్న ఒక పెద్దాయన పట్టుచీర కట్టి, సవరం పెట్టి, పూలజడ వేసుకుని వచ్చి నా కూతురి ముందు గాజులు గలగలలాడించాడు. పాప ఆ మీసాన్నీ, ముక్కుపుడకనూ మార్చి మార్చి చూసి కిలకిల నవ్వింది. ఆకలేసి ఏడిస్తే అరుగు మీద కూచుని పాలిచ్చాను. పక్కన నలుగురు అదే పని చేస్తున్నారు. తెర లేదు, దొంగచూపు లేదు, మొహం తిప్పుకున్నవాళ్లూ లేరు. కాన్పయ్యాక ఎనిమిది నెలల్లో, జనం మధ్య నా ఒళ్లు నాకు ఇబ్బంది కానిది ఆ రోజే.

నా పక్కన పాలిస్తున్న అమ్మాయి పేరు అడగలేదు. పెళ్లయ్యాక ఆమె అత్తగారు లేకుండా బయటికి వచ్చేది ఈ ఒక్కనాడేనట. "గంగమ్మ పేరు చెప్తే ఎవురూ అడ్డం చెప్పరక్కా" అంది. రోగం పోయింది గానీ, అది ఇచ్చిన అనుమతి మిగిలింది. ఆ అనుమతి కోసమే తల్లులు మొక్కును కాపాడుకుంటున్నారని నాకు అనిపించింది.

ఇలా చెప్పి జాతరను స్వర్గం చేయడం నా ఉద్దేశం కాదు. ఈ జాతర మీద ఏళ్లపాటు పనిచేసిన జాయ్స్ ఫ్లూకిగర్ 2013లో వెలువరించిన తన పుస్తకానికి 'వెన్ ది వరల్డ్ బికమ్స్ ఫిమేల్' అని పేరు పెట్టారు. మగవాడు శక్తిని తెలుసుకోవాలంటే స్త్రీవేషం కట్టాలి, స్త్రీకి ఆ అవసరం లేదు, ఆమె అప్పటికే దేవత స్వభావం కలది అన్నది అందులో ఆమె చూపే ఒక ముఖ్య విషయం. ఈ వాదన నాకు నచ్చుతుంది, ఇబ్బందీ పెడుతుంది. వేషం అవసరం లేని శక్తి పొయ్యి దగ్గర పొగలో కూచుని ఉంది. వేషం కట్టిన శక్తి వీధిలో చిందేస్తోంది. బండ వేషం రోజు మగవాళ్లు ఎవరినైనా బూతులు తిట్టవచ్చు. పాలెగాళ్లను నిజంగా తిట్టాల్సినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. తోటి వేషమూ దొర వేషమూ కట్టినవాడు వారం తిరగ్గానే విప్పేస్తాడు. తోటి పని చేసిన కులాలవాళ్లు దాన్ని అలా విప్పేయలేకపోయారు. నేను చూసినంతలో మొక్కు వేషాలు కట్టించిన పసివాళ్లంతా మగపిల్లలే. కొడుక్కి ఆడవేషం కట్టి కాపాడమని అడుగుతున్న తల్లికి కూతురి కోసం ఏమడగాలో జాతర నేర్పలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మొక్కులోనే ఉంది. అక్కడ తల్లి సంతోషం బిడ్డ క్షేమం చాటున మాత్రమే చెల్లుతుంది. ఆమె గాజులు కొనుక్కోవచ్చు, రంగులరాట్నం చూడవచ్చు, చెల్లెళ్లతో పగలబడి నవ్వవచ్చు. కానీ "నాకు వెళ్లాలనిపించింది, వెళ్లాను" అనకూడదు. "పాప మొక్కు తీర్చొచ్చాం" అనాలి. మా అవ్వ బతికినంతకాలం అలాగే చెప్పింది. ఆమె చెప్పిన జాతర కథల్లో దేవత కన్నా కలకండ చిలకలూ, గాజుల మలారమూ ఎక్కువ.

ఆధునిక నగరం మొక్కును తీసేసింది, దాని స్థానంలో హక్కును పెట్టడం మరిచింది. పుస్తక ప్రదర్శనలు, నాటకాలు, సంగీతోత్సవాలు, పార్కులు అన్నీ బిడ్డ లేని దేహం కోసం కట్టినవే. మెట్లున్నచోట తోపుడుబండి ఎక్కదు, పాలివ్వడానికి మరుగుదొడ్డి తప్ప చోటు ఉండదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు, శిశు సంరక్షణ గదులు ఉండేలా చూడాలని రాష్ట్రాలకు చెప్పింది. బహిరంగంగా పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని కూడా గుర్తుచేసింది. ఆ పిటిషన్ ఒక స్వచ్ఛంద సంస్థ వేసినది. మన న్యాయచరిత్రలో ఇది చిన్న విషయం కాదు. అయినా గది అనే మాట దగ్గర నేను ఆగుతాను. గది అవసరమే, కావాలనుకున్న తల్లికి అది దొరకాలి. కానీ గంగమ్మ గుడి అరుగు మీద మాకు దొరికినది గది కాదు. నలుగురి మధ్య ఉంటూనే పాలివ్వగలిగిన స్థలం. బిడ్డ ఏడ్చినా ఎవరూ వెనక్కి తిరిగి చూడని గుంపు.

ఇది ప్రభుత్వాలు మాత్రమే కట్టాల్సినది కాదు. మన రచయిత్రుల సభల సంగతే చూద్దాం. ఎండాకాలం సెలవుల్లో రెండు రోజుల సదస్సు పెడతాం. మాతృత్వం మీద పత్రాలు చదువుతాం. హాలు వెనక ఒక పసిగొంతు లేస్తే వేదిక మీది గొంతు ఆగుతుంది, తల్లి చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోతుంది. ఆమె మళ్లీ లోపలికి రావడం నేను చాలా తక్కువసార్లు చూశాను. కొన్నేళ్లకు ఆమె రాయడం మానేసిందని మనమే బాధపడతాం. హాలు పక్కన కాదు, హాల్లోనే, ముందు వరుసల దగ్గర ఒక జంపఖానా పరిచి, ఒక చీరతో ఉయ్యాల కడితే ఎంత ఖర్చవుతుంది? పత్రం చదివే ఆమె చంకలోంచి బిడ్డను అందుకోవడానికి ఎవరో ఒకరు లేస్తే చాలు. అందుకు గంగమ్మ పేరూ, బిడ్డ మొక్కూ చెప్పనక్కర్లేదు. వినాలనిపించి వచ్చానని ఆ తల్లి చెబితే, ఆ కారణం మనకు సరిపోవాలి.