కంపెనీలు - స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యం

లాభాపేక్షతో నడిచే కంపెనీలు, లాభాపేక్ష లేని ట్రస్టులు, సొసైటీలు కలిసి ప్రజలకు విద్య, వైద్యం, తాగునీరు వంటి సదుపాయాలు కల్పించే పద్ధతిని కంపెనీలు - స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యం అంటారు. ఇందులో సాధారణంగా కంపెనీ ధనాన్ని, స్థలాన్ని లేదా సాంకేతిక నైపుణ్యాన్ని సమకూరుస్తుంది. స్వచ్ఛంద సంస్థ గ్రామంలో పనిని నిర్వహిస్తుంది. కొన్ని పథకాలలో ప్రభుత్వం, గ్రామ పంచాయతీ కూడా భాగస్వాములుగా ఉంటాయి.

రకాలు

* ఒకేసారి ఇచ్చే విరాళం: స్థలం, భవనం, పరికరాలు మొదలైనవి.
* కంపెనీ లేదా దాని యజమానుల కుటుంబం స్వయంగా స్థాపించే ఫౌండేషన్. 1996లో ఏర్పడిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ ఇందుకు ఉదాహరణ.
* అప్పటికే పనిచేస్తున్న సంస్థకు ఒక పథకం ఖర్చును భరించడం.
* ఉద్యోగుల సమయాన్ని, యాజమాన్య నైపుణ్యాన్ని అందించడం.

బందరు రోడ్డు వెంబడి

విజయవాడ నుండి పామర్రు మీదుగా మచిలీపట్నం వెళ్ళే రహదారిని బందరు రోడ్డు అంటారు. ఈ దారిలో కానూరు వద్ద సిద్ధార్థ అకాడమీ 1977లో ఇంజనీరింగు కళాశాలను స్థాపించింది. ఉయ్యూరు చక్కెర కర్మాగారాన్ని నడిపిన కె.సి.పి. సంస్థ వ్యవస్థాపకుడు వెలగపూడి రామకృష్ణ పేరును ఆ కళాశాలకు పెట్టారు. తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం 2011 నుండి పనిచేస్తున్నది. సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళాల తోడ్పాటుతో ఈ సంస్థ హైదరాబాదులో 1987లో ప్రారంభమైంది. ఫీజు చెల్లించగల రోగుల నుండి వచ్చే ఆదాయం ఇక్కడ పేదల ఉచిత చికిత్సకు ఉపయోగపడుతుంది. అందువలన సంస్థ దైనందిన ఖర్చు అంతా దాతల మీదే ఆధారపడదు.

బైర్రాజు ఫౌండేషన్, 108 సేవలు

పామర్రు నుండి గుడివాడ, కైకలూరు మీదుగా మరొక రహదారి భీమవరం వైపు వెళుతుంది. ఆ ప్రాంతపు పల్లెలలో బైర్రాజు ఫౌండేషన్ విస్తృతంగా పనిచేసింది. సత్యం కంప్యూటర్స్ అధినేత బి.రామలింగరాజు కుటుంబం దీనిని 2001లో స్థాపించింది. సుమారు 200 గ్రామాలలో ఈ సంస్థ ఆరోగ్యం, విద్య, తాగునీటి కార్యక్రమాలు చేపట్టింది. డెల్టాలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరి గ్రామాలలో, భూగర్భ జలం ఉప్పగా ఉండటం వలన కాలువ నీటిని చెరువులలో నింపి తాగడం వాడుక. ఆ నీటిని శుద్ధిచేసే యంత్రాలకు ఫౌండేషన్‌తో పాటు గ్రామస్థులు కూడా చందాలు వేసుకున్నారు. నీటిని నామమాత్రపు ధరకు అమ్మి నిర్వహణ ఖర్చు రాబట్టుకునేవారు.

అదే కుటుంబం చొరవతో ఏర్పడిన ఇ.ఎం.ఆర్.ఐ. అనే లాభాపేక్ష లేని సంస్థ 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవలను ప్రారంభించింది. క్రమేణా వీటి నిర్వహణ ఖర్చులో అధిక భాగాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భరించసాగింది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలలో అవకతవకలు జరిగాయని రామలింగరాజు స్వయంగా వెల్లడించాడు. దానితో బైర్రాజు ఫౌండేషన్ ఆర్థికాధారం దెబ్బతిని, కార్యక్రమాలు కుదించుకుపోయాయి. 108 సేవలు మాత్రం ఆగలేదు. ప్రభుత్వ నిధులు కొనసాగాయి. అదే సంవత్సరం జి.వి.కె. సంస్థ ఇ.ఎం.ఆర్.ఐ. బాధ్యత స్వీకరించింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో నిర్వాహకులు మారినా సేవలు కొనసాగాయి. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ వద్ద 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను ప్రారంభించారు.

చట్టం

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. గడచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీలకు ఇది వర్తిస్తుంది. అవి గత మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. స్వచ్ఛంద సంస్థల ద్వారా ఖర్చు చేయదలచినప్పుడు, ఆ సంస్థలు 2021 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి.

సమస్యలు

కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి, దాని పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలని చట్టం చెబుతుంది. అందువలన కర్మాగారాలు ఉన్నచోటికి నిధులు ఎక్కువగా చేరి, వ్యవసాయమే ప్రధానమైన మండలాలకు తక్కువగా వచ్చే అవకాశముంది. భవనానికి, యంత్రానికి దాతలు దొరికినంత సులభంగా జీతాలకు, మరమ్మతులకు దొరకరు. కంపెనీ లాభాలు తగ్గినా, యాజమాన్యం మారినా పథకం మధ్యలో ఆగవచ్చు. నీటి యంత్రం ఆగితే గ్రామస్థులు మళ్ళీ చెరువు నీటికో, కొన్న నీటికో వెళ్ళవలసి వస్తుంది. అందుచేత ఒప్పందం చేసుకునేటప్పుడే కంపెనీ తప్పుకున్న తరువాత ఖర్చు ఎవరు భరిస్తారో, ఆస్తి ఎవరి పేరున ఉంటుందో నిర్ణయించుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

* పామర్రు
* 108 సేవలు
* కృష్ణా డెల్టా