నాపరాతి గనుల నేలల పునరుద్ధరణము

సున్నపురాయిని త్రవ్వి తీసిన పిమ్మట మిగిలిన గోతులను, రాతిదిబ్బలను మరల సాగునకో చెట్లకో యోగ్యముగ చేయు ప్రక్రియ. తెలంగాణమునందలి జహీరాబాదుది ఎఱ్ఱని జేగురునేల. ఈ ప్రక్రియకు పనిబడు సున్నపురాయి నేల దానికి దక్షిణమున ఉన్నది; అచట రాయి, భీమా శిలాశ్రేణికి చెందిన తాండూరు ప్రాంతమున, పొరలుపొరలుగ నాపరాయియై లభించును. పైనున్న నల్లరేగడిని తొలగించి, పొరసందున గునపము దింపి పలకలు లేపుదురు. ఆ రేగడిని ఆదిలోనే వేఱుగ కుప్పవోసి కాపాడుటయే ఈ విద్యకంతకు మూలము. రాతిచెత్తలో కలిసిపోయినచో పిదప ఎంత వ్యయించినను ఫలము స్వల్పమే. గోతి అడుగున రాతిముక్కలు నింపి, పైన రేగడి పఱచి, పెంట తోలి, మొదట జనుము, పిల్లిపెసరలను, తరువాత కానుగ, వేపలను పెంచుట యుక్తము. పలకలను నునుపుచేయు పాలిషు యంత్రముల తెల్లని బురద ఎండి అట్టకట్టి నీటిని ఇంకనీయదు. సున్నము మిక్కుటమైన మట్టిలో ఇనుము వేళ్లకందక, ఈనెలు పచ్చగ నిలిచియుండగనే లేతాకులు పసుపువన్నెకు తిరుగును. సేద్యగాడు ముందుగ పరికింపవలసినది ఆ ఆకునే. మిక్కిలి లోతైన గోతులను మాత్రము, గట్లు వాలుగ చెక్కి, వాననీటికి విడుచుట మేలు.

గనులకు సంబంధించినది కాకున్నను, జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగ 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆశ్రయమున దళిత మహిళాసంఘములు బీడునేలలను ఎరువు తోలి, జొన్న, కొఱ్ఱ, కందులను కలగలిపి విత్తి, సాగులోనికి తెచ్చిన తీరు ఈ పనికి దగ్గఱి ఆదర్శము.