పెట్టె తర్వాత విప్పండి!

ఓడ షికారు అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి చీరలూ, నగలే కదూ!

1891లో ఆల్బర్ట్ బాలిన్ అనే జర్మన్ పెద్దమనిషి, చలికాలంలో పెద్దగా పనిలేని 'అగస్టా విక్టోరియా' ఓడను 241 మందితో మధ్యధరా సముద్రానికి విహారయాత్రకు తీసుకెళ్ళాడు. ఆ సరదా లోకమంతా పాకింది.

అదే మధ్యధరాలో 2012 జనవరి 13 రాత్రి 'కోస్టా కాంకార్డియా' రాతికి కొట్టుకుంది. 32 మంది పోయారు. ఆ సాయంత్రం ఎక్కినవాళ్ళకు, ఆపదవస్తే ఎక్కడ చేరాలో ఇంకా చెప్పనేలేదు. ఒకరోజులోగా చెబితే చాలన్నది అప్పటి నియమం! 2015 నుంచి ఓడ కదిలే ముందో, కదలగానేనో చెప్పితీరాలి.

అందుకే, ఎక్కగానే లైఫ్ జాకెట్టూ, చేరవలసిన చోటూ పిల్లలతో సహా చూసి రండి. ఆ తర్వాత వెన్నెల్లో సముద్రాన్ని ఎంతసేపైనా చూడండి, దిగుల్లేకుండా!