వైద్య నిర్ణయాల్లో కంప్యూటర్: లీడ్స్ ప్రయోగం

రోగ నిర్ధారణలో వైద్యునికి కంప్యూటర్ తోడ్పడగలదా? ఈ ప్రశ్నకు ఆసుపత్రిలోనే సమాధానం వెదికిన తొలి ప్రయత్నాల్లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జరిగినది ముఖ్యమైనది. ఎఫ్.టి. డి డాంబల్ బృందం ఇందుకు తీవ్రమైన కడుపునొప్పిని ఎంచుకుంది. అపెండిసైటిస్‌ను ఆలస్యంగా గుర్తిస్తే అపెండిక్స్ పగిలి ప్రాణాపాయం కలగవచ్చు. లేని వ్యాధిని ఉందనుకుంటే అనవసరంగా శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది.

నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు మారింది, వాంతులు ఉన్నాయా వంటి వివరాలను వైద్యులు నిర్ణీత పద్ధతిలో నమోదు చేసేవారు. ముందే సేకరించిన రోగుల వివరాల ఆధారంగా, బేయిస్ సిద్ధాంతం ప్రకారం కంప్యూటర్ ఒక్కొక్క వ్యాధి సంభావ్యతను లెక్కించేది. 1972లో ప్రచురితమైన ఫలితాల్లో, 304 మంది రోగులకుగాను కంప్యూటర్ నిర్ధారణ 91.8 శాతం, సీనియర్ వైద్యుల నిర్ధారణ 79.6 శాతం సందర్భాల్లో సరైనదని తేలింది.

అయితే ఈ అంకెలను బట్టి యంత్రం వైద్యుణ్ణి మించిందని తీర్మానించరాదు. కంప్యూటర్‌కు వివరాలు అందించింది వైద్యులే. పైగా ప్రయోగం సాగినంత కాలం వైద్యుల సొంత నిర్ధారణ కూడా మెరుగుపడింది. ప్రయోగం ముగిశాక తిరిగి తగ్గింది. రోగిని క్రమపద్ధతిలో ప్రశ్నించడం, తమ తప్పొప్పులు తమకు తెలియడం కూడా మేలు చేశాయని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లీడ్స్ ప్రయోగంలో వైద్యుల నిర్ధారణ మెరుగుపడటానికి కారణాలేవి?