కులమూ, రక్తమూ, ఔషధమూ

కులం పుట్టుకను గురించి మన దేశంలో జరిగినంత చర్చ మరే సామాజిక విషయాన్ని గురించీ జరగలేదేమో! అయినా ఆ చర్చకు ఒక సాక్ష్యం ఆపరేషన్ బల్ల మీద దొరుకుతుందని ఎవరు ఊహించారు? తెలుగు సాహిత్యం చదువుకున్న నేను వైద్యశాస్త్రంలో తలదూర్చడానికి ఆ సాక్ష్యమే కారణం.

సక్సినైల్ కోలిన్ అనే మందు 1950ల తొలినాళ్ల నుంచి శస్త్రచికిత్సలో వాడుకలో ఉంది. రోగికి మత్తిచ్చేటప్పుడు అది కండరాలను సడలిస్తుంది. గొంతులోకి గొట్టం దింపడానికి వీలు కల్పిస్తుంది. రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును కొద్ది నిమిషాలలోనే విరగ్గొడుతుంది. రోగి మళ్లీ తనంతట తాను ఊపిరి పీలుస్తాడు. ఆ ఎంజైము లోపించినవాడికి మాత్రం నిమిషాలలో తీరవలసింది గంటలు పడుతుంది. అంతసేపూ యంత్రంతో ఊపిరి పోయించే ఏర్పాటు లేకపోతే మనిషి దక్కడు. ఈ తేడా వంశపారంపర్యమని 1950ల నడుమ కెనడాలో వెర్నర్ కాలో నిరూపించాడు. ఇలాంటి తేడాలను పరిశీలించే శాస్త్రానికి 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ ఫోగెల్ ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు.

ఈ లోపం ప్రపంచంలో చాలా అరుదు. వైశ్యులలో మాత్రం ఇతరులకంటె దాదాపు నూరు రెట్లు ఎక్కువని అంచనా. ఆ ఎంజైము నిర్మాణంలో 307వ స్థానాన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడమే ఇందుకు మూలమని కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2006లో ప్రకటించారు.

ఒక్క సమూహంలోనే ఎందుకిలా జరిగింది? జవాబు చరిత్రలో ఉంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. వైశ్యులు కొద్దిమంది పూర్వీకుల సంతతి అనీ, రెండు మూడు వేల ఏళ్లుగా ఇరుగుపొరుగు వారితో వారికి రక్తసంబంధం దాదాపు లేదనీ తేలింది. కొద్దిమంది పూర్వీకులలో ఒకరికి ఉన్న లోపం, బయటి పెళ్లిళ్లు లేనందువల్ల, లక్షల మందికి వారసత్వమయింది. పెనుగొండ కన్యక కథను, నూటరెండు గోత్రాల అగ్నిప్రవేశాన్ని దీనికి ముడిపెట్టాలని కొందరికి తోచవచ్చు. కాని ఆ కథ చెప్పే చాళుక్యుల కాలం కంటె ఈ ముడి ఎంతో పాతది. పురాణం చరిత్రకు బదులు కాజాలదు.

ఇది ఒక్క కులం కథ కూడా కాదు. 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితాలలో, 81 సమూహాలలో ఇలాంటి ఇరుకు మూలం ఫిన్లండు ప్రజలలో కంటె తీవ్రంగా కనిపించింది. అందులో 14 సమూహాల జనాభా పది లక్షలకు మించినదే!

కులానికి ప్రాణం స్వకుల వివాహమేనని అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో వాదించాడు. అప్పటికి జన్యువులను చదివే సాధనాలు లేవు. సమాజాన్ని పరిశీలించి ఆయన చేరిన నిర్ణయాన్నే ప్రయోగశాల తొంభై ఏళ్ల తరువాత బలపరిచింది.

"చూశారా, కులం రక్తంలోనే ఉంది!" అని సనాతనవాది సంబరపడవచ్చు. అతడు కార్యకారణాలను తారుమారు చేస్తున్నాడు. రక్తం కులాన్ని సృష్టించలేదు. మనుషులు పెట్టుకున్న పెళ్లి కట్టుబాటే రక్తం మీద ముద్ర వేసింది. సుమారు 4,200 ఏళ్ల క్రితం నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఈ దేశపు ప్రజలు విస్తారంగా కలిసిపోయారని 2013లో మరొక పరిశోధన తేల్చింది. అంటే కంచెకు పుట్టిన తేదీ ఉన్నది. పుట్టుక ఉన్న ఆచారానికి అంతమూ ఉంటుంది.

ఎంజైము తేడానే సర్వస్వం అనుకోవడమూ పొరపాటే. క్షయకు వాడే ఐసోనియజిడ్‌ను శరీరం కొందరిలో వేగంగా, కొందరిలో మెల్లగా నిర్వీర్యం చేస్తుంది. మెల్లగా చేసేవారు జపానులో సుమారు పదింట ఒకరు. దక్షిణ భారతంలో సగానికి మించి ఉన్నారు. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ విషయాన్ని శోధించింది. వారానికొకసారి మందిస్తే వేగం గలవారు నష్టపోయారు. రోజూ ఇస్తే ఆ తేడా లెక్కలోకి రాలేదు. రోజూ మందు అందించగల వ్యవస్థ ఉంటే జన్యువు ఓడిపోతుందన్నమాట! మా కోనరావుపేట వైపు ఇళ్లల్లో బీడీలు చుట్టే ఆడవారికి, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకు దగ్గు వస్తే మొదట అడగవలసిన ప్రశ్న వారి కులమేదని కాదు, రోజూ మందు అందుతున్నదా అని.

వైశ్యులలోనైనా అత్యధికులకు ఈ ప్రమాదం లేదు. ఇతరులలో ఎవరికీ ఉండదనీ చెప్పలేము. అంచేత కులం పేరు చూసి మందు నిర్ణయించడం శాస్త్రం అనిపించుకోదు. రక్తపరీక్ష ఉంది, వేరే మందులున్నాయి, ఊపిరి యంత్రం ఉంది. కుటుంబంలో ఎవరికైనా మత్తుమందు తరువాత ఊపిరి ఆలస్యమైందా అన్న ప్రశ్నకు ఖర్చే లేదు. ఇవన్నీ పట్నపు ఖరీదైన ఆసుపత్రికే పరిమితమయితే, ఈ శాస్త్రమంతా డబ్బున్నవాడి ఆస్తిగా మిగులుతుంది. తాలూకా ఆసుపత్రి ఆపరేషన్ గదిదాకా దాన్ని తీసుకుపోవడం ప్రభుత్వం పని. కంచెలు దాటిన పెళ్లిళ్లకు అండగా నిలవడం మాత్రం మన పని, విద్యార్థులదీ, ఉపాధ్యాయులదీ.